పని గంటలు తగ్గితే ఎవరికి మేలు?

డిశ్చార్జి రోజున రోగి బంధువులు డాక్టరుగారిని సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు. మొదటిది మందుల గురించి. రెండోది పథ్యం గురించి. మూడో ప్రశ్న కాస్త తగ్గు గొంతుతో వస్తుంది: "డ్యూటీకి ఎప్పటి నుంచి వెళ్ళొచ్చండీ?" ఇంట్లో సంపాదించే మనిషి మంచం పడితే ఆ ప్రశ్న రావడం సహజం. అయితే "ఎప్పటి నుంచి" అని అడిగేవారే గాని "రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు" అని అడిగేవారు తక్కువ. ఆరోగ్యం సంగతికి వస్తే ఈ రెండో ప్రశ్న కూడా అంతే ముఖ్యం. ఈ పాఠంలో దాని గురించి తెలుసుకుందాం.

55 గంటలు దాటితే ఏమవుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఎన్నో దేశాల లెక్కలు పరిశీలించి 2021 మే నెలలో ఒక నివేదిక ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేక అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువ. ఇలా ఎక్కువ గంటల పని కారణంగా 2016 సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 7 లక్షల 45 వేలమంది మరణించారని ఆ సంస్థలు అంచనా వేశాయి.

35 శాతం అనగానే వందమందిలో 35 మందికి పక్షవాతం వస్తుందని భయపడకండి. దాని అర్థం అది కాదు. ఉదాహరణకు, మామూలుగా వెయ్యిమందిలో 20 మందికి పక్షవాతం వచ్చేచోట, ఎక్కువ గంటలు పనిచేసేవారిలో 27 మందికి వస్తుందన్నమాట. ఆ ఏడుగురిలో మన ఇంటి మనిషి ఉండకూడదనే కదా మన తాపత్రయం.

ఇక 55 గంటలు అంటే ఎంతో పెద్ద లెక్క అనుకోకండి. రోజుకు 9 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 54. సెక్యూరిటీ గార్డుగా 12 గంటల డ్యూటీ ఆరు రోజులు చేస్తే 72. ఆదివారం కూడా వెళితే 84! లారీ డ్రైవర్లు, హోటలు పనివారు, బట్టల దుకాణాల్లో పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడి ఉండే అమ్మాయిలు, ప్రాజెక్టు గడువు దగ్గర పడిన సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, అందరూ ఈ గీత దాటేవారే. చాలామంది ఎప్పుడూ లెక్క వేసుకోరు, అంతే. మీ ఇంట్లోవారి వారం ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ఎక్కువ పని జబ్బును ఎలా తెస్తుంది? రెండు దారుల్లో తెస్తుంది. ఒకటి, ఒత్తిడి ఎక్కువైనప్పుడు శరీరంలో కొన్ని హార్మోన్లు పెరిగి, గుండె వేగంగా కొట్టుకుని, బి.పి. పెరుగుతుంది. విశ్రాంతి దొరికితే అది దిగుతుంది. దిగడానికి సమయమే ఇవ్వకపోతే అలాగే ఉండిపోతుంది. రెండోది మనకు కళ్ళకు కనిపించే దారి. నిద్ర తగ్గుతుంది, వేళకు తిండి ఉండదు, టీ మీద టీ, బీడీయో సిగరెట్టో పెరుగుతుంది, సాయంత్రం అలసట తీరడానికని కొందరు మందుకు అలవాటు పడతారు. నడక మానేస్తారు. బి.పి. మాత్ర, షుగర్ మాత్ర వేసుకోవడం మరచిపోతారు. "టైము లేక చెకప్‌కు రాలేదు" అనే మాట మన ఓ.పి.లో రోజూ వినిపించేదే.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. ముఖం ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి పైకి ఎత్తలేకపోవడం, మాట తడబడడం, ఇవి పక్షవాతం గుర్తులు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది కాని, గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అదీ స్కానింగ్ తీసి చూశాక. "షిఫ్టు అయ్యాక వెళదాంలే" అనుకున్నవారికి ఆ సమయం దాటిపోతుంది. పని మధ్యలో వచ్చినా సరే, వెంటనే బయలుదేరాలి.

యజమానికి నష్టమేనా?

"గంటలు తగ్గిస్తే పని ఎలా అవుతుంది?" అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చాలా పాత లెక్కల్లో కూడా దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో తుపాకి గుండ్లు తయారుచేసే కర్మాగారాల్లో ఎక్కువగా ఆడవారు పనిచేసేవారు. యుద్ధం కనుక వారిచేత 70 గంటల వరకు పని చేయించారు. ఆరోగ్యం దెబ్బతింటోందని 1915లో ఒక కమిటీ వేసి, ఎవరు ఎన్ని గంటల్లో ఎన్ని తయారుచేశారో లెక్కలు రాయించారు. ఆ లెక్కలను జాన్ పెన్‌కావెల్ అనే ఆర్థికవేత్త 2014లో మళ్ళీ పరిశీలించారు. సుమారు 49 గంటల వరకు గంటలతో పాటు ఉత్పత్తి పెరిగింది. ఆ పైన పెరుగుదల మందగించింది. 70 గంటలు పనిచేసినవారు తయారుచేసింది, 56 గంటలు పనిచేసినవారు తయారుచేసినదానికి పెద్దగా ఎక్కువేమీ కాదు! అంటే ఆ 14 గంటలు మనుషులు అరిగారు గాని, సరుకు మాత్రం పెరగలేదు.

కార్ల వ్యాపారి హెన్రీ ఫోర్డ్ 1926లో తన ఫ్యాక్టరీల్లో వారానికి ఐదు రోజులు, 40 గంటల పని పెట్టారు. ఆయన దయాగుణం వల్ల కాదు, లెక్క చూసుకునే పెట్టారు. మన దేశంలో అంతకు ముందే, 1890లో, బొంబాయి మిల్లు కార్మికులకు వారానికి ఒక రోజు సెలవు సాధించినవారు నారాయణ మేఘాజీ లోఖండే. ఈనాడు మనం అనుభవించే ఆదివారం సెలవు వెనుక ఆయన శ్రమ ఉంది.

ఇటీవలి సంగతి చూద్దాం. 2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు, సుమారు 2,900 మంది ఉద్యోగులతో, ఆరు నెలల పాటు జీతం తగ్గించకుండా పని గంటలు తగ్గించి చూశాయి. ఉద్యోగులలో 71 శాతం మందికి పని వల్ల కలిగే నీరసం తగ్గింది. ఒంట్లో బాగోలేదని పెట్టే సెలవులు మూడింట రెండు వంతులు తగ్గాయి. ఉద్యోగం మానేసి వెళ్ళేవారు సగానికి పైగా తగ్గారు. సంస్థల ఆదాయం పడిపోలేదు. గడువు ముగిశాక 56 సంస్థలు ఈ పద్ధతినే కొనసాగిస్తామన్నాయి. ఐస్‌లాండ్‌లో కూడా 2015 నుంచి 2019 వరకు సుమారు 2,500 మందితో ఇలాగే చేసి మంచి ఫలితం చూశారు.

ఇది చదివి మురిసిపోవడానికి ముందు ఒక మాట. బ్రిటన్‌లో ఆ సంస్థలు తమంతట తాము ముందుకు వచ్చినవి, ఎక్కువగా ఆఫీసు పనులవి. అనవసరమైన మీటింగులు తగ్గించి గంటలు మిగుల్చుకున్నారు. సిరిసిల్ల మరమగ్గం మీద అలా మిగుల్చుకోవడానికి ఏముంది? అక్కడ మగ్గం ఆగితే గుడ్డ ఆగుతుంది, గుడ్డ ఆగితే కూలి ఆగుతుంది.

ఆసుపత్రి పని ఇంకా కష్టం. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో 2015 నుంచి రెండేళ్ళ పాటు నర్సింగు సిబ్బందికి 8 గంటల జీతం ఇచ్చి 6 గంటల పనే పెట్టారు. వారి ఆరోగ్యం బాగుపడింది, సెలవులు తగ్గాయి, వృద్ధులతో గడిపే సమయం పెరిగింది. కాని ఖాళీ పడిన గంటలు నింపడానికి 17 మందిని కొత్తగా తీసుకోవలసి వచ్చింది. ఖర్చు భరించలేమని నగరపాలకులు దానిని విస్తరించలేదు. అందువల్ల నిజాయితీగా చెప్పాలంటే, గంటలు తగ్గించడం కొన్నిచోట్ల యజమానికి ఉచితంగా దొరికే మేలు, కొన్నిచోట్ల డబ్బు పెట్టి కొనవలసిన మేలు. ఆసుపత్రిలో మాత్రం అది కొనదగినదే. 2004లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, 24 గంటలకు మించి ఏకబిగిన డ్యూటీ చేసే పాత పద్ధతిలో ఐ.సి.యు.లోని జూనియర్ డాక్టర్లు, తక్కువ గంటల పద్ధతిలో కంటే 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేసినట్లు తేలింది. రాత్రి డ్యూటీ నర్సమ్మ మారి కొత్త నర్సమ్మ వచ్చినప్పుడు "మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా" అని విసుక్కోకండి. ఆ మార్పు మీ రోగి క్షేమం కోసమే.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు కూడా, పదిమంది, అంతకు మించి పనివారున్న సంస్థలకు, రోజుకు 8 గంటలు, వారానికి ఒక సెలవు అనే నియమాన్నే ఉంచాయి. అంతకు మించి చేయిస్తే ఓ.టి.కి రెట్టింపు వేతనం ఇవ్వాలి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు అనుమతించినా, వారానికి 48 అనే హద్దు మాత్రం అలాగే ఉంచింది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. "వారానికి నాలుగు రోజులే పని" అని విని సంతోషించే ముందు, రోజుకు ఎన్ని గంటలో అడగాలి. 48 గంటలను నాలుగు రోజుల్లో కుక్కితే రోజుకు 12 గంటలు అవుతుంది. సెలవులు పెరుగుతాయి నిజమే గాని, షుగర్ ఉన్నవారికి, గర్భిణులకు, గుండె జబ్బు వచ్చి తగ్గినవారికి అలాంటి రోజు మంచిది కాదు. వీరికి రోజులు తగ్గడం కంటే రోజులోని గంటలు తగ్గడం మేలు.

రోజు కూలీలకు ఈ మాటలేవీ వర్తించవు కదా అని మీరు అనవచ్చు. నిజమే. పనికి వెళ్ళని రోజు కూలి లేని రోజు. తాపీ మేస్త్రీతో "వారానికి ఐదు రోజులే చెయ్యి" అని చెప్పడం తేలిక, మిగిలిన రోజు పిల్లలకు ఏం పెట్టాలో చెప్పడం తేలిక కాదు. అలాంటి ఇళ్ళలో సాధ్యమైనవి చిన్న మార్పులే: మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఆగడం, పని దగ్గరకు నీళ్ళు, మాత్రలు వెంట తీసుకువెళ్ళడం, బరువులు మోసే పని నుంచి తేలిక పనికి మారడం, రాత్రి ఏడు గంటల నిద్ర పోనివ్వకపోవడం.

ఇక ఇంట్లో ఆడవారి సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవారు దానిపై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవారు వెచ్చించేది 88 నిమిషాలు. అంటే ఉద్యోగం చేసే ఇల్లాలికి ఆఫీసు వారం ఐదు రోజులైనా, పని వారం ఏడు రోజులే. గుండెపోటు వచ్చి వెళ్ళిన తల్లిని "ఇంట్లోనే ఉంటుందిగా, విశ్రాంతే" అని అనుకోవద్దు. ఆమె వంట, బట్టలు, నీళ్ళు ఎవరు చూస్తారో ఇంటికి వెళ్ళేలోపే అనుకోండి.

మీ సంగతి కూడా

రోగి దగ్గర ఉండే మీరు కూడా ఈ లెక్కలోకి వస్తారు. పొద్దున 6 గంటలకు లేచి, ఉద్యోగం చేసి, సాయంత్రం వార్డుకు వచ్చి, రాత్రి 11కు బండి మీద ఇంటికి బయలుదేరితే మీరు 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. అలాంటి మనిషి చూపు, చేతి చురుకు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానంగా మందగిస్తాయని శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. మన చట్టం బండి నడిపేవారికి అనుమతించేది 30 మిల్లీగ్రాములే. ఆ రాత్రి ఆటోలోనో బస్సులోనో వెళ్ళండి, లేదా ఇక్కడే పడుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వంతులు వేసుకోండి. ఒక్కరే మొయ్యవద్దు.

డిశ్చార్జికి ముందు డాక్టరుగారిని ఈ విషయాలు అడిగి చీటీ మీద రాయించుకోండి. రోజుకు ఎన్ని గంటలతో పని మొదలుపెట్టాలి? ఎన్ని వారాల తరువాత పూర్తి డ్యూటీ? రాత్రి షిఫ్టు చేయవచ్చా? బరువులు ఎంతవరకు ఎత్తవచ్చు? మాత్రల వేళలు షిఫ్టుకు తగ్గట్టు మార్చాలా? ఆ చీటీని యజమానికి లేదా మేనేజరుగారికి చూపించి, మొదటి నెల తేలిక డ్యూటీ అడగండి. నోటిమాటగా అడిగినదానికంటే కాగితం ఉంటే ఇచ్చేవారు ఎక్కువ. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు జబ్బు సెలవు రోజులకు వచ్చే భత్యం గురించి కూడా అప్పుడే కనుక్కోండి. దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఇంటికి వెళ్ళాక మళ్ళీ తిరగడం మీకు శ్రమ.