సైకిల్‌కి రాడార్ పెడితే సిటీ ట్రాఫిక్‌లో తొక్కడం వచ్చేస్తుందా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. కానీ మా ఆఫీస్ అటువైపు లేదు! నేను రోజూ బస్సులు, ఆటోల మధ్యే తొక్కాలి. అందుకే సీటు కింద వెనక్కి చూసే రాడార్ ఒకటి బిగించాను. అది నాకు ఏం నేర్పిందో, ఏం నేర్పలేకపోయిందో చూద్దాం.

ఎలా పని చేస్తుంది?

రాడార్ వెనక్కి రేడియో తరంగాలు పంపుతుంది. వాహనానికి తగిలి తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. ఇదే డాప్లర్ ఎఫెక్ట్. ఆ తేడాని బట్టి వాహనం ఎంత స్పీడ్‌తో దగ్గరికొస్తోందో లెక్క కడుతుంది. ఫోన్ స్క్రీన్ మీద ఒక చుక్క కదులుతుంది, బీప్ వస్తుంది.

గార్మిన్ వేరియా ఆర్‌టీఎల్515 లాంటి మోడల్ రేంజ్ 140 మీటర్లు. మీరు గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తున్నారు, వెనక కారు 50తో వస్తోంది అనుకోండి. తేడా 30, అంటే సెకనుకు 8.3 మీటర్లు. కారు మిమ్మల్ని చేరడానికి దాదాపు 17 సెకన్లు పడుతుంది. ఖాళీ రోడ్డు మీద ఇది చాలా టైమ్.

సిటీలో అసలు సమస్య

వెనక వాహనం సరిగ్గా మీ స్పీడ్‌తోనే వస్తుంటే రాడార్‌కి అది కనిపించకపోవచ్చు. ఒకరోజు సాయంత్రం బీప్ లేదు కదా అని, ఆగి ఉన్న ఆటోని తప్పించడానికి కుడివైపు తిప్పేశాను. వెనకే ఉన్న బైక్ కీచుమని బ్రేక్ వేసింది. గుండె ఆగినంత పనైంది. ఆయన తిట్టిన తిట్లు న్యాయమే! బీప్ వస్తే "చూడు" అని అర్థం. రాకపోతే "వెళ్లు" అని కాదు.

నేను చేసిన ప్రాక్టీస్

1. ఫోన్ జేబులో పెట్టి సౌండ్ మాత్రమే వాడండి. 20 స్పీడ్‌లో 2 సెకన్లు స్క్రీన్ చూస్తే 11 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే.

2. ఖాళీ గ్రౌండ్‌లో ఫ్రెండ్‌ని వెనక నిలబెట్టి వేళ్లు చూపించమనండి. సైకిల్ పక్కకి పోకుండా కుడి భుజం మీదుగా చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదట్లో నా హ్యాండిల్ వంకర్లు పోయేది.

3. రోడ్డెక్కాక పక్కకి జరిగే ముందు బీప్ ఉన్నా లేకున్నా ఒకటే వరస: వెనక్కి చూడు, చెయ్యి చూపించు, జరుగు.

కొనొచ్చా?

హైవే మీద ఎక్కువ తొక్కేవాళ్లు కొనొచ్చు. సిటీలో మాత్రం ముందు మెడ తిప్పడం నేర్చుకోండి, అది ఫ్రీ! నేను వారానికో రోజు రాడార్ ఆఫ్ చేసి వెళ్తాను. ఆ రోజు కూడా అన్నిసార్లూ వెనక్కి చూశానంటే పాఠం ఒంటబట్టినట్టే.