కన్ఫోకల్ చిత్రాలలో నాభి నియంత్రణ, వర్ణ ఛానళ్ల సమలేఖనం: వేరుశనగ వేళ్ల పరిశీలనలో పాటించవలసిన జాగ్రత్తలు

వేరుశనగ వేరులోకి రైజోబియం ప్రవేశించే తీరు అనేక ఇతర పప్పుజాతి పైర్లలో కనిపించే తీరుకు భిన్నమైనది. పక్కవేళ్లు పుట్టే చోట ఏర్పడే పగుళ్ల గుండా బాక్టీరియా చొరబడి, మొదట కణాల నడుమ వ్యాపించి, ఆ పిదప కణం లోనికి చేరుతుంది. కనుక ఒకానొక దశలో బాక్టీరియా కణాంతరాళంలో ఉన్నదా, కణం లోపల ఉన్నదా అనునది ముఖ్యమైన ప్రశ్న. దీనికై జి.ఎఫ్.పి. జన్యువు చేర్చిన బాక్టీరియాను ఆకుపచ్చ ఛానల్‌లోను, ప్రొపీడియం అయొడైడ్‌తో రంగు వేసిన కణకవచాన్ని ఎరుపు ఛానల్‌లోను చూడటం పరిపాటి.

కొన్నేళ్ల క్రితం మా పరిశోధక విద్యార్థి ఒకరు ఇట్టి చిత్రాలను చూపి, బాక్టీరియా కణంలోనికి చేరినదని నిర్ధారించారు. నేనూ అంగీకరించాను. తరువాత బహువర్ణ పూసలతో పరీక్షించగా రెండు ఛానళ్ల మధ్య నిలువు దిశలో అర మైక్రానుకు మించిన తేడా బయటపడింది. బాక్టీరియా వెడల్పు సుమారు అర మైక్రాను నుండి ఒక మైక్రాను మాత్రమే. లేత కణాల కవచం సాధారణంగా అంతకన్నా పలుచన. కవర్‌స్లిప్‌కు సమాంతరంగా ఉన్న కవచాల విషయంలో ఆ తేడాయే బాక్టీరియాను కవచానికి అవతలివైపు చూపగలదు. ఆ అధ్యాయాన్ని తిరిగి రాయవలసి వచ్చింది.

1957లో మార్విన్ మిన్‌స్కీ పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ పద్ధతిలో, నాభితలం వెలుపలి కాంతిని సూదిరంధ్రం అడ్డగిస్తుంది. అందువలన లోతును విడదీసి చూడగలుగుతున్నాము. అయితే గాజు ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్ని ఒక్కొక్క విధంగా వంచుతుంది గనుక, వేర్వేరు రంగుల నాభులు ఒకే లోతున నిలువవు. అపోక్రోమాట్ కటకాలు ఈ దోషాన్ని చాలావరకు తగ్గిస్తాయి గాని పూర్తిగా తొలగించవు. 488, 561 నానోమీటర్ల లేజర్ల మధ్య కన్నా, 405 నానోమీటర్ల ఊదా లేజర్‌ను కూడా వాడినపుడు తేడా ఎక్కువగా ఉండే అవకాశమున్నది.

దోషమంతా యంత్రానిదే కాదు. ఇమ్మర్షన్ నూనె వక్రీభవన గుణకం సుమారు 1.52, నీటిది 1.33. నూనె కటకంతో నీటిలో అమర్చిన వేరును చూసినపుడు, స్టేజి ఎంత కదిలినదో నాభి అంత కదలదు. లోతుకు పోయేకొద్దీ గోళీయ విపథనం పెరుగుతుంది. తాజా వేరుకు నీటి కటకమే మేలు. కవర్‌స్లిప్ మందం 0.17 మి.మీ. ఉండాలి, కటకానికి సవరణ వలయం ఉన్నచో దానిని సరిచూసుకోవాలి.

పరీక్షకు ఒక మైక్రాను లోపు వ్యాసం గల బహువర్ణ పూసలు చాలును. కాని వాటిని నమూనాకు వాడే ద్రవంలోనే, అదే కవర్‌స్లిప్ కింద, అదే కటకంతో, అవే ఫిల్టర్లతో చూడాలి. 0.2 మైక్రాను అంతరంతో వరుస చిత్రాలు తీసి, ప్రతి ఛానల్‌లోను పూస కేంద్రాన్ని మూడు అక్షాలలో లెక్కించాలి. దృశ్యక్షేత్రం మధ్యలోనే గాక మూలలలో కూడ చూడాలి. అక్కడ తేడా వేరుగా ఉంటుంది. పరిశీలించే భాగాన్ని క్షేత్రం మధ్యకు తెచ్చుకొనడం వలన సగం చిక్కు తీరుతుంది. మిగిలిన తేడాను సాఫ్ట్‌వేర్‌తో సవరించి, ఎంత సవరించినదీ పద్ధతుల విభాగంలో పేర్కొనాలి.

ఇక నాభి జారుట. ఉష్ణోగ్రత మారితే నాభి జారుతుంది. మన వేసవిలో కరెంటు పోయి ఏసీ ఆగినపుడు దీనిని చూడని ప్రయోగశాల ఉండదేమో! యంత్రాన్ని కనీసం ఒక గంట ముందుగా ఆన్ చేసి ఉంచాలి. ఒక ఛానల్ చిత్రాలన్నీ తీసిన పిదప రెండవ ఛానల్‌ను మొదలుపెట్టినచో, ఆ నడుమ జారినదంతా వర్ణభేదంగా కనబడుతుంది. లేజర్లను గీత గీతకు మార్చి తీసినచో జారుడు రెండింటికీ సమంగా పడుతుంది. ఫిల్టరు కదలవలసిన అమరికలో మాత్రం ఇది కుదరదు. పరారుణ కిరణంతో పనిచేసే నాభి స్థిరీకరణ సాధనం కవర్‌స్లిప్ తలాన్ని మాత్రమే గుర్తిస్తుంది. దాని కింద సజీవమైన వేరు పెరిగి కదిలితే ఆ సాధనానికి తెలియదు. అందుచేత దీర్ఘకాల పరిశీలనలో వేరును పలుచని అగరు పొరతో కదలకుండా పట్టి ఉంచి, ఆఖరున మొదటి తలాన్ని మరల ఒకసారి చిత్రించి పోల్చి చూడటం అవసరం.