బెత్తెడు చుట్ట

మా మామ కంబదూరు దగ్గర చేనులో శెనక్కాయ వామికి కాపలా పడుకునేవాడు. మార్గశిరపు చలి, ఒక కంబళి, పక్కన కుక్క, చెవి సందున ఒక చుట్ట. ఒక్కటే. రెండోది ఇంట్లో ఉండేది. కావాలంటే చీకట్లో మైలున్నర నడవాలి. నడిచిన రాత్రి ఒక్కటీ నాకు గుర్తులేదు.

కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడమని పిలిచినప్పుడల్లా ల్యాప్‌టాప్ పట్టుకునే పోతాను గానీ, తిప్పి తిప్పి చెప్పేది ఆ చుట్ట సంగతే. సరదాకి కొలత వెలిగించక ముందే పెట్టుకోవాలి. వెలిగించాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం.

ఈయన పిల్లలకు చుట్ట నేర్పుతున్నాడని కంగారు పడకండి. నేను తాగను. నేర్పే పని తెలుగులో గిరీశం ఎప్పుడో చేశాడు. 1897లో అచ్చైన ‘కన్యాశుల్కం’లో శిష్యుడు వెంకటేశానికి చదువు అబ్బలేదు గానీ చుట్ట మాత్రం అబ్బింది. మన తొలి వ్యక్తిత్వ వికాస గురువు ఆయనేనేమోనని నాకో అనుమానం, మా వృత్తి పరువు పోతుందని బయటికి అనను.

అనంతపురం చలి అంటే ఢిల్లీవాళ్ళు నవ్వుతారు. రాత్రి 15 డిగ్రీలకు దిగితే చాలు, మనకు పళ్ళు టకటకలాడతాయి. అయితే ఈ మెట్టనేల మీద చలికి పొడి గాలి తోడవుతుంది. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే చోటు మరి. పెదవులు పగిలినట్టే పొగాకూ పగులుతుంది. పైఆకు చిట్లితే గాలి పక్కనుంచి దూరుతుంది, పొగ సరిగా రాదు. రావడంలేదని గట్టిగా లాగితే నిప్పు రాజుకుని నోరంతా చేదు.

అందుకే మామ సంతలో చుట్ట కొనడం ఒక తతంగం. గోదావరి లంకల పొగాకు అని అంగడివాడు ఎంత ఊరించినా మాట్లాడేవాడు కాదు. చుట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, మొదలు నుంచి కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ పోయేవాడు. మధ్యలో ఎక్కడైనా మెత్తగా దిగిందా, లోపల బోలు. చెవి దగ్గర పెట్టి నొక్కితే గరగరమందా, ఎండిపోయిన సరుకు. రెండూ దాటింది చేతికొచ్చాక కూడా పొడుగుది పక్కన పెట్టి, బెత్తెడు ఉండే లావుపాటిది తీసుకునేవాడు. సన్నటిది గాలికి బిరబిరా కాలిపోతుంది, పొడుగుది చలిలో ఒక పట్టాన అయిపోదు.

“అంతే దుడ్డుకు పొడుగుది వస్తాంటే పొట్టిది ఎందుకు మామా?” అని అడిగాను.

“పొడుగుది కొన్నోడు దాని కోసరం కూచుంటాడప్పా. నేను కూచునేదానికి సరిపోయేది కొంటా” అన్నాడు.

ఈ మాట నాకు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకలేదు. మీ సాయంత్రం నిడివి ఎంతో ముందు లెక్కేసుకోండి, ఆ తర్వాతే అందులో పట్టే సరదాను ఎంచుకోండి. గంట ఖాళీ ఉందని ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ మొదలుపెడితే తెల్లారి ఆఫీసులో కళ్ళు మండుతాయి. జీతం మిగిలిందని ఏడాది జిమ్ ఫీజు ఒకేసారి కట్టేవాళ్ళూ ఈ పొడుగు చుట్ట బాపతే.

సరదా కొలతకు అప్పు కూడా కలపండి. చుట్టల పేరెత్తితే లోకానికి గుర్తొచ్చే చర్చిల్, 1896లో సైనికాధికారిగా మన పక్కనున్న బెంగళూరులో దిగాడు. అక్కడి క్లబ్బులో ఆయన కట్టని బాకీ 13 రూపాయలు 1899 నాటి పద్దులో ఇప్పటికీ ఉంది, వచ్చినవాళ్ళకు చూపిస్తారు. అంత పెద్ద జీవితం గడిపినా ఆ పద్దు మాత్రం చెరగలేదు.

ఇక వెలిగించడం. ఆషాఢంలో రామగిరి కొండమీది గాలిమరలను తిప్పే గాలికి ఎవడూ అగ్గిపుల్ల గీయడు, దాని సంగతి అందరికీ తెలుసు. మోసమంతా చలికాలపు పలచటి గాలిది. ఉన్నట్టే తెలియదు, చుట్టను ఒక పక్కే కాల్చేస్తుంది. మామ వామికి వీపు ఆనించి, దోసిలి గూడులా పట్టి, మంట ఆకుకు తగలకుండా చుట్టను తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా ఆగేవాడు. సంగటి తిన్నాకే ముట్టించేవాడు, పరగడుపున అయితే తల తిరుగుతుంది. ఆరిపోతే తిట్టుకోకుండా బూడిద రాల్చి మళ్ళీ మొదలు. తెల్లవారుజామున మంచు పడే రోజుల్లో ఇంకో తమాషా. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తెల్లగా వస్తూనే ఉంటుంది. అది పొగ కాదు, ఊపిరి. కొత్తవాడు తేడా తెలియక ఊదుతూనే ఉంటాడు. పని తేలిపోయాక కూడా ఇంకో గంట నడిచే మీటింగుల్లో కూర్చున్నప్పుడు నాకు ఆ తెల్లటి ఊపిరే గుర్తొస్తుంది.

ఇప్పుడు చేదు సంగతి. చలికి చుట్ట వెచ్చదనం ఇస్తుందన్నది భ్రమ. నికోటిన్ చర్మం కింది రక్తనాళాలను బిగిస్తుంది, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పొగ లోపలికి పీల్చం కదా అన్న వాదన కూడా నిలవదు, చుట్ట పొగలోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్‌ను విశాఖ వైద్యులు ఏనాడో గుర్తించారు. మనసు లోతులు తవ్విన ఫ్రాయిడ్‌ను కూడా చుట్ట వదల్లేదు. 1923లో నోటి క్యాన్సర్ బయటపడింది, ముప్పైకి పైగా ఆపరేషన్లు జరిగాయి. బస్టాండులో వెలిగిస్తే 200 రూపాయల దాకా జరిమానా ఉందన్నది వీటి ముందు చాలా చిన్న బెదిరింపు.

మామకూ దగ్గు పట్టుకుంది. డాక్టరు మానెయ్యమన్నాడు. కొలత తెలిసినవాడు కాబట్టి గొడవ చేయలేదు. బెత్తెడు చుట్ట మూడు వేళ్ళకు వచ్చింది, తర్వాత రెండు వేళ్ళకు. సంక్రాంతికల్లా చెవి సందు ఖాళీ. కానీ వామి దగ్గర కూర్చోవడం మానలేదు. చుట్ట తాగడానికి పట్టేంత సేపూ అట్లాగే వీపు ఆనించుకుని, చలిమంటలో కాల్చిన శెనక్కాయలు ఒలుచుకునేవాడు. పొట్టంతా కుక్క మీద పడేది.

నాకూ ఒక గుప్పెడు పెట్టాడు. తినేసి ఇంకో గుప్పెడు అడిగాను.

“ఇంట్లో ఉండాయి, పోయి తెచ్చుకోపో” అన్నాడు.