పేరు పరులది, పెట్టుబడి మనది: ఫ్రాంచైజీ ఎవరికి తగును?

ఆబిడ్స్ అను పేరు నోట పలుకని దినము లేనివారు హైదరాబాదు నగరమున వేలకొలదిగా నుందురు గాని, అది ఒకానొక దుకాణదారుని పేరని యెఱిగినవారు కొలదిమందియే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువునందు ఆంతరంగిక సేవకుడుగా నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా జాతీయుడు ఇచ్చట నెలకొల్పిన అంగడి ఏనాడో అంతరించెను. ఆయన పేరు మాత్రము ఆ కూడలికిని, దాని చుట్టునున్న పేటకంతటికిని నిలిచిపోయినది. నేడు జనరల్ పోస్టాఫీసు మొదలుకొని నాంపల్లి రైలు స్టేషను వఱకు నడచి చూచినచో, చెప్పుల దుకాణముపై, కళ్లజోళ్ల దుకాణముపై, ఐస్‌క్రీము పార్లరుపై కనబడు పేర్లలో పెక్కు ఆ గల్లాపెట్టె వెనుక కూర్చున్నవారివి కావు. ముంబయిలోనో, ఢిల్లీలోనో, మన నగరమునందే మఱియొక పేటలోనో ఉన్న కంపెనీలవి.

డిగ్రీ ముగించి, పోటీ పరీక్షలకు కొన్నేండ్లు చదివి, ఉద్యోగము రాకయో, వచ్చినను జీతము చాలకయో సొంత వ్యాపారము వైపు చూచు యువతీయువకులకు ఈ ఫ్రాంచైజీ పద్ధతి సులభమార్గముగా తోచుట సహజము. పేరు వారిదే, సరుకు వారిదే, పని నేర్పువారును వారే, మనము డబ్బు కట్టి తలుపు తెఱచిన చాలునను మాట దీనిని అమ్మవచ్చువారి నోట తఱచుగా వినబడును. అందు సత్యము లేకపోలేదు; చేయి తిరిగిన పద్ధతియొకటి దొరకుట క్రొత్తవానికి గొప్ప అండయే. అయినను నా అభిప్రాయమును ముందే విన్నవించెదను. ఫ్రాంచైజీ యనునది వ్యాపారమునకును ఉద్యోగమునకును నడుమనున్న వృత్తి: నష్టము విషయమున అది అచ్చమైన వ్యాపారము, స్వేచ్ఛ విషయమున అది అచ్చమైన ఉద్యోగము. ఈ రెంటిని ఏకకాలమున భరింపగలవారికే అది తగును.

మొట్టమొదట విచారింపవలసినది పేరు యొక్క విలువ. ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో 1935లో నిర్మితమై, ఆయన రెండవ కుమారుని పేర వెలసిన మొజంజాహీ మార్కెట్టు ఆబిడ్స్‌కును నాంపల్లికిని నడిమి కూడలి. దేశవిభజన కాలమున సింధు ప్రాంతమును విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో కరాచీ బేకరీని స్థాపించినది ఆ కూడలియందే. హైదరాబాదుకు వచ్చిపోవు బంధువు తిరుగు ప్రయాణమున ఆ బేకరీ ఫ్రూట్ బిస్కత్తుల డబ్బా సంచిలో పెట్టుకొనుటకు ఏ ప్రకటనయు కారణము గాదు. డెబ్బది యేండ్లు ఒకే రుచిని నిలుపుకొన్నందున జనులలో పుట్టిన నమ్మకము కారణము. పేరునకు ధర కట్టునప్పుడు మనము కొనవలసినది అట్టి నమ్మకమును మాత్రమే. పుట్టి రెండేండ్లు నిండని కంపెనీ, ఇంకను తన సొంత దుకాణము లాభములో నడచునో లేదో తేలకముందే, ఆకర్షణీయమైన రంగుల బోర్డు గీయించి లక్షలు అడిగినచో, ఆ డబ్బు దేనికని నిర్మొగమాటముగా ప్రశ్నింపవలెను. కంపెనీ ఏనాడు రిజిస్టరైనదో, డైరెక్టర్లెవరో, గత సంవత్సరముల లెక్కలు ఎట్లున్నవో కేంద్ర కార్పొరేటు వ్యవహారముల శాఖ వెబ్‌సైటులో స్వల్ప రుసుముతో చూడవచ్చును. ఆ పేరు ట్రేడ్‌మార్కుగా నిజముగా వారి పేరనే నమోదైనదా యన్నది రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితముగనే తెలియును.

ఇక లెక్కకు వత్తము, ఏలయన ఈ మార్గమున కాలు జాఱువారిలో అధికులు ఇచ్చటనే జాఱుదురు. ఒక టీ దుకాణమును ఊహింతము. అంకెలు నేను కల్పించినవి, పద్ధతి మాత్రము వాస్తవమైనది. కంపెనీకి కట్టవలసిన ఫ్రాంచైజీ రుసుము 5 లక్షలు, లోపలి అలంకరణకును యంత్రములకును 10 లక్షలు. రుసుముపై 18 శాతము జీఎస్టీ, అనగా 90,000 రూపాయలు, ఈ 15 లక్షలకు అదనము. కిరాయి అడ్వాన్సు వేఱు. దినమునకు సగటున 10,000 రూపాయల అమ్మకమైనచో మాసమునకు 3 లక్షలు. పాలు, టీపొడి, పంచదార, ఉస్మానియా బిస్కత్తులు, కంపెనీయే పంపు మసాలా పొడులు, కాగితపు కప్పులు కలిసి అందు 40 శాతము, 1,20,000. కిరాయి 60,000. నలుగురు పనివారికి 60,000. కరెంటు, నీరు, గ్యాసు 12,000. అమ్మకముపై 5 శాతము రాయల్టీ 15,000, 2 శాతము ప్రకటనల నిధి 6,000, ఈ రెంటిపై జీఎస్టీ 3,780. అన్నియు పోగా చేత మిగులునది 23,220 రూపాయలు. పెట్టుబడి 15 లక్షలును 12 శాతము వడ్డీకి తెచ్చినదైనచో, తొలిదినములలో నెలకు వడ్డీయే 15,000. మిగిలిన 8,220 రూపాయలతోనే అసలు తీర్చవలెను, ఇల్లు గడపవలెను, ఉదయము ఐదింటికి షట్టరు ఎత్తి రాత్రి పదింటికి దించినవాని శ్రమకు కూలి కట్టవలెను.

వేసవిలో ఎండలు ముదిరి గిరాకీ పదవ వంతు తగ్గి అమ్మకము 2,70,000 అయినదనుకొనుడు. అప్పుడు మిగులు 7,698 రూపాయలకు పడిపోవును. అమ్మకము తగ్గినది పదవ వంతు, ఆదాయము తగ్గినది మూడింట రెండు వంతులు. ఆ నెల వడ్డీకి సైతము చాలదు. అయినను రాయల్టీ ఆగదు, అది లాభముపై గాక అమ్మకముపై లెక్కింపబడునది గనుక. మఱియొక సూక్ష్మము గలదు. గిరాకీవద్ద 5 శాతము జీఎస్టీ వసూలుచేయు పద్ధతిలో నున్న హోటళ్లకు, టీ దుకాణములకు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ దొరకదు; కనుక రుసుముపైన, రాయల్టీపైన కట్టిన 18 శాతము తిరిగి రాని ఖర్చే. బట్టలో పాదరక్షలో అమ్ము దుకాణమునకు ఈ చిక్కు లేదు. కంపెనీ ప్రతినిధి చూపు రంగుల పట్టికలో ఈ పంక్తి సామాన్యముగా నుండదు. ఉన్నదో లేదో వెదకుడు.

ఆ పట్టికలో అమ్మకముల అంకె ఎచ్చటినుండి వచ్చినదని అడుగుట అంతకంటె ముఖ్యము. ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతమునందు జనసమ్మర్దము ఒక్కొక్క దినము ఒక్కొక్క తీరుగా నుండును. ఆదివారమున ఆబిడ్స్ దుకాణములు పెక్కు మూసియుండగా, వాని ముందరి ఫుట్‌పాత్‌లపై పాత పుస్తకముల బజారు పఱచుకొనును. ఆ దినము వచ్చు జనము వేఱు, సోమవారము వచ్చు జనము వేఱు. 1907లో వెలసిన నాంపల్లి స్టేషను వద్ద గుంపులు రైళ్ల వేళలనుబట్టి వచ్చును, పోవును. పెట్టెలు మోయుచు పరుగెత్తువాడు టీ త్రాగును, నీళ్ల సీసా కొనును, కళ్లజోడు బేరమాడడు. 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు నడచుచున్నందున, మెట్లు దిగు వైపుననున్న దుకాణమునకును ఎదుటి వైపు దుకాణమునకును గల భేదమును కూడ పరిశీలింపవలసియున్నది. అన్నిటికి మించి నుమాయిష్ గలదు. 1938లో మొదలై, నేడు నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున సాధారణముగా జనవరి 1 నుండి నలుబదియాఱు దినములు జరుగు ఆ ప్రదర్శనకాలమున ఈ వీథులు కిటకిటలాడును. జనవరిలో నిలబడి జనమును లెక్కించి వ్రాసిన సర్వే, జులైలో కిరాయి కట్టవలసినవానికి ఎంతమాత్రమును పనికిరాదు.

కావున వారి సర్వేను నమ్మి ఊరకుండక, మీరే వెళ్లి ఆ కంపెనీ దుకాణమొకదాని ఎదుట వారపుదినమున ఒకసారి, సెలవుదినమున ఒకసారి, రెండు వేర్వేఱు మాసములలో నిలబడి, లోపలికి ఎందఱు పోవుచున్నారో గాక, ఎందఱు చేత కవరుతో బయటికి వచ్చుచున్నారో లెక్కించుడు. నుమాయిష్‌ను మఱియొక విధముగా వినియోగించుకొనవచ్చును: సొంత సరుకుతో చిన్న స్టాలులో నెలన్నర అమ్మి చూచినవానికి, తనకు బేరము చేయు ఓపిక యున్నదో లేదో తెలిసిపోవును. ఆ జ్ఞానము ఏ శిక్షణ తరగతిలోను లభింపదు.

ఒప్పందపత్రము విషయమున మన దేశపు యువకుడు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మువారు, సంతకమునకు గాని చెల్లింపునకు గాని కనీసము 14 దినములు ముందుగా తమ వ్యాజ్యములు, రుసుములు, మూతపడిన దుకాణముల వివరములు గల పత్రమును కొనువాని చేతికీయవలెనని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. మనకు ఫ్రాంచైజీల కొఱకు ప్రత్యేకమైన శాసనమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము మొదలైనవే ఆధారము. అనగా కంపెనీ దాచినదానిని అడిగి రాబట్టుట మన బాధ్యత. ఒప్పందకాలమున మఱియొక కంపెనీ సరుకు అమ్మరాదను షరతు చెల్లునని 1995లో గుజరాత్ బాట్లింగ్ కంపెనీకిని కోకాకోలాకును నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కనుక ‘తరువాత చూచుకొందము’ అని సంతకము చేయరాదు. రద్దు నిబంధనను రెండుసార్లు చదువుడు. ఉత్తర, తూర్పు భారతములలో మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలను 1995 నుండి సగము భాగస్వామిగా నడపిన విక్రమ్ బక్షీకి కంపెనీతో విరోధము కలిగి, 2017 ఆగస్టులో 169 దుకాణముల ఒప్పందమును కంపెనీ రద్దుచేయగా, ఆ తగవు 2019 మే నెలలో గాని పరిష్కారము కాలేదు. న్యాయవాదుల బలగము గల అట్టివారికే అంత కాలము పట్టినది.

ఇల్లు, దుకాణము అద్దెకిచ్చువారు పదునొకండు మాసముల కాగితమే వ్రాయుట మనయందు వాడుక. సంవత్సరమునకు మించిన లీజును రిజిస్టరు చేయింపవలసియుండుటయే దానికి కారణము. ఫ్రాంచైజీ ఒప్పందము ఐదేండ్లకు, కిరాయి కాగితము పదునొకండు మాసములకు అయినచో, గోడలకు పెట్టిన 10 లక్షలు మకాను యజమాని దయాధీనములు. లీజు ఐదేండ్లకు రిజిస్టరు కానిదే లోపల ఒక మేకు కొట్టింపకుడు.

మోసముల గూర్చి ఒక్క మాట. ప్రసిద్ధ కంపెనీల పేరిట దొంగ వెబ్‌సైట్లు పెట్టి, దరఖాస్తు రుసుము, డిపాజిట్టు అని అంచెలంచెలుగా గుంజుట ఇప్పుడు సర్వత్ర జరుగుచున్నది. అమూల్ పేరుతో వెలసిన అట్టి సైట్లపై 2020లో ఢిల్లీ హైకోర్టు వఱకు వ్యాజ్యము పోయినది. ‘దుకాణము మేమే నడపుదుము, మీరు పెట్టుబడి పెట్టి ఇంట కూర్చున్నచో నెలకు ఇంత ఖాయము’ అను మాటను అంతకంటె ఎక్కువ భయముతో వినవలెను. పని చేయని చోట ఖాయమైన ఆదాయమును వాగ్దానము చేయువాడు మీ డబ్బులోనే కొంత మీకు త్రిప్పి యిచ్చుచుండవచ్చును. ఇదివఱకే మోసపోయినవారు వెంటనే సైబరు మోసముల ఫిర్యాదు నంబరైన 1930కి ఫోను చేయవలెను.

లెక్కలును చట్టమును సరిపోయినను స్వభావము సరిపోవలెను. కప్పునకు ఇన్ని మిల్లీలీటర్లు, పొడి ఇన్ని చెంచాలు అని కంపెనీ వ్రాసి పంపును. నాంపల్లి గిరాకీ మఱికొంత చిక్కని చాయ్ కోరునని మీకు తెలిసినను మీరు మార్చరాదు. పండుగనాడు సొంతముగా ఒక మిఠాయి చేర్చి అమ్మరాదు. ధర తగ్గింపరాదు. అట్టి కట్టుబాటు నెమ్మది నిచ్చునని తోచువారు కలరు. క్రమశిక్షణతో, ఒకే పనిని నిత్యము ఒకే తీరున చేయుటయందు తృప్తి పొందు అట్టివారికి ఫ్రాంచైజీ మంచి జీవనోపాధి కాగలదు. తల్లి చేతి పచ్చడిని ఊరంతటికి అమ్మవలెనని కలగను అమ్మాయికి, పనిముట్టు చేతబట్టగానే దానిని మార్చి చూడ బుద్ధిపుట్టు అబ్బాయికి అది తగదు. వారు అంతకంటె తక్కువ డబ్బుతో సొంత బోర్డు పెట్టుకొనవలెను. 2015లో వచ్చిన ముద్ర పథకము క్రింద హామీ లేకుండ 10 లక్షల వఱకు అప్పు పొందు అవకాశము వారికిని గలదు.

ఫ్రాంచైజీయే తమకు తగునని తోచినవారు, తాము ఎంచుకొన్న కంపెనీ దుకాణమునే నడపుచున్నవానిని, కంపెనీ మనిషి లేని వేళ కలిసికొని, ‘అన్నా, మళ్ల మొదట్నుంచి షురూ చెయ్యాలంటే ఇదే కంపెనీ తీసుకుంటరా?’ అని అడుగుడు. ఒక్కరిని గాదు, ఐదాఱుగురిని అడుగుడు. ఆ పేరుతో దుకాణము పెట్టి మూసివేసినవారిని వెదకి పట్టుకొనుట కష్టమైనను తప్పక చేయుడు. కంపెనీ ఈయని జాబితా అదియొక్కటే.

యువకులారా, యువతులారా, తండ్రి పదవీవిరమణ డబ్బును గాని, ఊరిలోని ఎకరము అమ్మిన డబ్బును గాని ఈ వ్యాపారమున పెట్టదలచినచో, మొదట ఆ కంపెనీకి చెందిన ఏదేని దుకాణములో ఆఱు మాసములు జీతమునకు పనిచేయుడు. గల్లాలో కూర్చుండుడు, సరుకు దింపుకొనుడు, రాత్రి లెక్క కట్టుడు. ఆ తరువాతను కొనవలెనని తోచినచో కొనుడు. అట్లు పనిచేయుటకు ఒప్పుకొనక, సాయంత్రములోగా అడ్వాన్సు కట్టుమని తొందరపెట్టు కంపెనీకి ఒక్క రూపాయియు ఈయకుడు.