రిపోర్టు వచ్చేలోగా

ఒంట్లోంచి తీసిన ముక్కను పరీక్షకి (బయాప్సీకి) ఇచ్చాక "వారం ఆగి రండి" అంటారు. వారం ఎందుకో చెప్పరు. చెప్పరు కాబట్టి ఆ వారానికి ఇంట్లో తలా ఒక అర్థం తీస్తారు. మామూలుదే అయితే రేపే చెప్పేసేవారు కదా అని ఒకరు, పెద్ద డాక్టరుకి చూపిస్తున్నారేమో అని ఇంకొకరు.

ల్యాబులో జరిగేది తెలిస్తే ఈ ఊహల్లో సగం రాలిపోతాయి. తీసిన ముక్కను ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి. ఒక రాత్రి దానికే పోతుంది. తర్వాత ఆల్కహాలుతో అందులోని నీరంతా లాగేసి, కరిగిన మైనంలో దిమ్మ కట్టాలి. ఆ దిమ్మను మిల్లీమీటరులో రెండు మూడు వందల వంతు మందం ఉండే పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు ఎక్కించాలి. పెథాలజిస్టు మైక్రోస్కోపు ముందు కూర్చునేది అప్పుడు. అనుమానం తీరకపోతే ప్రత్యేక పరీక్షలతో మరికొన్ని రోజులు. క్షయ కోసం చేసే కల్చర్ అయితే ఆరు వారాలు చూసిగానీ 'లేదు' అనరు, ఆ క్రిమి పెరిగేదే అంత నిదానంగా. అదే కళ్ళెను సీబీనాట్ అనే యంత్రంలో పెడితే రెండు గంటల్లో తేలిపోతుంది. ఆలస్యానికి చాలావరకు కారణం రసాయనాలు, క్రిములు, మధ్యలో వచ్చిన ఆదివారం. జబ్బు ముదిరిందనడానికి అది సూచన కాదు. శాంపిల్ ఇచ్చేచోటే "ఎన్నాళ్ళు పడుతుంది, ఎందుకు, ఎవరు చెబుతారు, ఏ రోజు దాటితే నేను ఫోన్ చేయాలి" అని అడిగేయడం మంచిది. మన విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ రద్దీలో ఇంత అడగనిస్తారా అంటారేమో. డాక్టరుకి తీరిక లేకపోతే నర్సమ్మనో, ల్యాబు టెక్నీషియన్‌నో అడగొచ్చు. చాలామంది చెబుతారు.

ఇక మనసు సంగతి. వ్యక్తిత్వ వికాసం పేరుతో అమ్ముడయ్యే పుస్తకాలు ఇక్కడ ఒకటే మందు రాస్తాయి: పాజిటివ్‌గా ఉండు. నాకు ఆ మందు మీద గురి లేదు. అమెరికాలో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎదురుచూపుల మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. కాలిఫోర్నియాలో లాయరు పరీక్ష రాసినవాళ్ళు ఫలితం కోసం అప్పట్లో దాదాపు నాలుగు నెలలు ఆగాల్సి వచ్చేది. అలా ఆగిన రెండు వందల పైచిలుకు మందిని గమనించి 2016లో ఆమె ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, ఆందోళన తగ్గించుకోవడానికి వాళ్ళు చేసిన ప్రయత్నాలు పెద్దగా పనిచేయలేదు. పైగా నిబ్బరంగా గడిపినవాళ్ళ కంటే గింజుకున్నవాళ్ళే చెడు కబురును బాగా తట్టుకున్నారు, మంచి కబురుకు ఎక్కువ సంతోషించారు. కాబట్టి భయపడుతున్నందుకు మళ్ళీ సిగ్గుపడనక్కర్లేదు.

అదే ఏడాది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంకో ప్రయోగం చేశారు. చేతికి కరెంటు షాకు తప్పకుండా తగులుతుందని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అని సగం సగం అవకాశం ఉన్నప్పుడే మనుషుల ఒత్తిడి ఎక్కువైంది. "ఏదో ఒకటి తేలిపోతే బాగుణ్ణు" అని మన ఇళ్ళల్లో అనే మాట అక్కడ కొలతల్లో కనిపించింది.

అయితే స్వీనీ తర్వాతి పరిశోధనల్లో ఒకటి మాత్రం పనికొచ్చేలా కనబడింది. పూర్తిగా లీనమైపోయే పని. టీవీ ముందు కూర్చోవడం లీనం కావడం కాదు. కొంచెం కష్టంగా ఉండాలి, చేతకానంత కష్టంగా ఉండకూడదు, ఎంత అయిందో కంటికి కనబడాలి. వలకు పడిన చిరుగులు అల్లడం, మోటారు విప్పి బిగించడం, కొత్త కీర్తన నేర్చుకోవడం, పిల్లల లెక్కలు చేయించడం. తెల్లవారుజామున బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద గబగబా నడిచినా మేలే, కానీ నడక మనసును కొంతవరకే పట్టి ఉంచుతుంది. "రిపోర్టు బాగా వస్తే సింహాచలం అప్పన్నకి గిరి ప్రదక్షిణ చేస్తాను" అని మొక్కుకునేవాళ్ళను నేను తేలిగ్గా చూడను. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు నడుస్తామని మాట ఇవ్వడంలో బరువు కాసేపు దించుకోవడం ఉంది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ఇక్కడ ఒక మెలిక. పనిలో పడితే మనసు కుదుటపడుతుందని రాత్రి పూట సీ షిఫ్టుకి వెళ్ళిపోవడం అందరికీ క్షేమం కాదు. మూడు రాత్రులు నిద్రలేని మనిషి కరిగిన లోహం దగ్గరో, క్రేను మీదో ఉండకూడదు. ఇన్‌ఛార్జికి "ఒంట్లో బాగోలేదు, పరీక్షలు అవుతున్నాయి" అని చెప్పి నాలుగు రోజులు వేరే పని అడగడంలో చిన్నతనం లేదు. స్టీల్ మెల్ట్ షాపులో శాంపిల్ ల్యాబుకి వెళ్ళాక, కార్బన్ ఎంతుందో కబురు వచ్చేదాకా ఉక్కును లేడిల్‌లోకి వంపరు, కానీ లేడిల్ మాత్రం సిద్ధంగా ఉంచుతారు. ఇంటి దగ్గరా అంతే. పాత రిపోర్టులు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టడం, ప్రభుత్వ వైద్య పథకం కార్డు వెతికిపెట్టడం, వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాయడం. ఫలితం ఎలా వచ్చినా ఇవి వృథా పోవు.

ఇప్పుడు రిపోర్టులు వాట్సాప్‌లో వస్తున్నాయి. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది, ఎర్ర అక్షరాలు కనబడతాయి, గూగుల్ తెరుచుకుంటుంది. చాలా రక్తపరీక్షల 'నార్మల్' హద్దులను ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల ఉండేలా గీస్తారు. అంటే ప్రతి 20 మంది ఆరోగ్యవంతుల్లో ఒకరు ఊరికే బయటపడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేనివాడికి కూడా కనీసం ఒక్క ఎర్ర అంకె వచ్చే అవకాశం 64 శాతం. ప్యాకేజీ పరీక్షలు అమ్మేవాళ్ళు ఈ లెక్క చెప్పరనుకోండి. డాక్టరు తీరికగా ఉండే వేళకే తెరుస్తానని ముందే నిర్ణయించుకుంటే రాత్రి ఒకటి కలిసొస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎదురుచూసేది ఒకరు, కబురు అందేది ఇంకొకరికి. "నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అని కొడుకు ముందే లోపలికి వెళ్ళి చెప్పివస్తాడు. ప్రేమతోనే చెబుతాడు. నాన్నగారు మాత్రం కొడుకు ఫోన్ పట్టుకుని వరండాలోకి ఎందుకు వెళ్ళాడో గమనిస్తారు. కోడలు ఎన్నడూ లేనిది రెండోసారి కాఫీ ఎందుకు ఇచ్చిందో గమనిస్తారు. రిపోర్టు వచ్చేసినా ఆయన ఎదురుచూపు తీరదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్తూ "ఊరికే చెకప్ నాన్నా" అంటే, గేటు మీది బోర్డు చదవగలిగిన మనిషి ఏమనుకోవాలి? కొందరికి నిజంగానే తెలుసుకోవాలని ఉండదు, అదీ వాళ్ళ హక్కే. శాంపిల్ ఇచ్చిన రోజే, ఇంకా ఎవరికీ ఏమీ తెలియనప్పుడే, అడిగేస్తే సరి: "నాన్నా, రిపోర్టు వచ్చాక నీకు చెప్పమంటావా, నన్నే చూసుకోమంటావా?" ఫలితం వచ్చాక ఈ ప్రశ్న అడగలేం. అడిగిన తీరులోనే జవాబు తెలిసిపోతుంది.

ఎంత నిబ్బరం ఉన్నా సరిపోని ఎదురుచూపు కూడా ఈ ఊరు చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై ఆర్‌ఆర్ వెంకటాపురం మీద పరుచుకుంది. కనీసం 12 మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాత మిగిలిన ప్రశ్న: మాకు, మా పిల్లలకి ముందు ముందు ఏమవుతుంది? స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అన్న వర్గంలో పెట్టింది. అయితే మనుషుల్లో దానికి ఉన్న ఆధారాలు ప్రధానంగా ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులవి. ఒక్క రాత్రి పీల్చినవారి సంగతి అవి తేల్చవు. ఒంట్లోంచి ఆ రసాయనం కొద్ది రోజుల్లోనే వెళ్ళిపోతుంది కాబట్టి, ఆలస్యంగా చేసే రక్తపరీక్ష ఎంత పీల్చారో చెప్పలేదు. ఆ ప్రశ్నతో బతుకుతున్న తల్లికి ధ్యానం చేయమని సలహా ఇవ్వడం నా దృష్టిలో అవమానమే. ఆమెకు కావలసింది ఏటా పిలిచి పరీక్షించే డాక్టరు, ఆ ఫలితాన్ని అర్థమయ్యేలా చెప్పే మనిషి. అక్కడివాళ్ళు దీర్ఘకాలిక వైద్య పర్యవేక్షణ కోరింది అందుకే.

మామూలు రిపోర్టు కోసం ఆగేవారిలో కూడా కొందరికి భయం అదుపు తప్పుతుంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, ఫలితం బాగానే వచ్చాక కూడా నమ్మకం కుదరక ఇంకో ల్యాబుకి పరుగెత్తుతారు. అప్పుడు అది ఎదురుచూపు సమస్య కాదు, వైద్యం ఉన్న సమస్య. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే వేళాకోళం చేసే అలవాటు వల్ల చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. వెళ్ళలేకపోతే టెలీ మానస్ అనే ఫోన్ సహాయం ఉంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా పైసా ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.