మారీచుని గొంతు: చరవాణిలో వచ్చే వంచనల గురించి

శ్రీమద్రామాయణంలో రావణుడు సీతమ్మను అపహరించడానికి సైన్యంతో రాలేదు. సన్న్యాసి వేషంలో వచ్చాడు. అంతకు ముందే మారీచుడు ప్రాణాలు విడుస్తూ శ్రీరాముని కంఠస్వరంతో సీతాలక్ష్మణులను పిలిచాడు. పూజ్యమైన వేషం, ప్రియమైన గొంతు, ఈ రెండే వంచకుని ఆయుధాలు. నేడు చరవాణి ద్వారా మనను దోచుకొనే వారి ఆయుధాలు కూడా ఇవే.

భక్తునికి వేసే ఎర భగవంతుని పేరే. 2023లో తిరుమల తిరుపతి దేవస్థానం వెబ్‌సైటును పోలిన నకిలీ వెబ్‌సైటు ఒకటి బయటపడింది. దాని చిరునామాలో చుక్కల స్థానంలో గీతలు, చివర ‘డాట్ ఇన్’ బదులు ‘డాట్ ఆర్గ్’ ఉన్నాయి. భేదం అంతే! అదే సంవత్సరం డిసెంబరు చివర, అయోధ్య రామాలయం పేర విరాళాలు కోరే నకిలీ క్యూఆర్ కోడ్లు తిరుగుతున్నాయని విశ్వ హిందూ పరిషత్తు హెచ్చరించింది.

దానానికి దేశం, కాలం, పాత్రం చూడాలని మన పెద్దలు విధించారు. పాత్రత పరీక్షించడం అశ్రద్ధ కాదు, ధర్మంలో భాగమే. వంచకుడు ఈ పరీక్షకే భయపడతాడు. అందుకే రెండు మాటలు తప్పక అంటాడు: “వెంటనే చేయండి”, “ఎవరికీ చెప్పకండి”.

మన బాలాపూర్ గణేశుని లడ్డూ వేలాన్నే చూడండి. 1994లో 450 రూపాయలతో మొదలై, 2025లో 35 లక్షలకు చేరింది. పాట పాడినవారెవరో, ఎంతకు పాడారో ఊరంతటి ఎదుట తేలుతుంది. దైవకార్యానికి ఇచ్చే ధనం వెలుగులో నడుస్తుంది. తొందరనూ రహస్యాన్నీ కోరేది దైవకార్యం కాదని నా నిశ్చయం.

కనుక భక్తులకు నా మనవి ఇది. దర్శనం టికెట్లకు, గదులకు, విరాళాలకు ఎవరో పంపిన లింకును తాకవద్దు. తిరుమల అధికారిక చిరునామా ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. దానిని మీరే స్వయంగా టైపు చేయండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నదని అర్థం. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పెళ్లిపత్రిక పేరుతోనైనా సరే, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవవద్దు. పిల్లల గొంతుతో “ఆపదలో ఉన్నాను, డబ్బు పంపండి” అని పిలుపు వస్తే, మారీచుణ్ణి తలచుకొని, ఆ ఫోను పెట్టేసి, వారి పాత నంబరుకు మీరే చేయండి.

పోలీసు దుస్తులలో వీడియోలో కనిపించి “డిజిటల్ అరెస్టు చేశాము” అని బెదిరించేవారున్నారు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదని 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి స్పష్టం చేశారు.

ఇక చివరి మాట, అన్నిటికంటె ముఖ్యమైనది. మోసపోయిన పెద్దలు పలువురు పిల్లలేమంటారో, నలుగురు నవ్వుతారేమో అని మౌనం వహిస్తారు. ఆ మౌనమే దొంగకు రక్ష. అతిథిని ఆదరించిన సీతమ్మది దోషం కాదు, వేషం వేసిన రావణునిదే దోషం. అపహృతురాలైన ఆ తల్లి మౌనంగా ఉండిపోలేదు. జటాయువును పిలిచింది. గిరిశిఖరం మీది వానరుల నడుమ తన నగలను మూటగట్టి జారవిడిచింది. ఆ ఆనవాళ్లే తరువాత శ్రీరామునికి దారి చూపాయి.

మీరూ అదే చేయండి. ధనం పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి. మీ బ్యాంకుకూ తెలపండి. దొంగ సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఆ తొలి గంటలలోనే ఎక్కువ. లావాదేవీ సంఖ్యను, వచ్చిన సందేశాలను చెరిపివేయక భద్రపరచండి. అవే మీరు జారవిడిచే నగల మూట.