బాధ లేనప్పుడే పరీక్ష
(పురుషులకు వచ్చు ప్రోస్టేటు క్యాన్సరును గుఱించిన ఆరోగ్య పాఠము)



మన సహకార సంఘపు లెక్కలను ఏటేట తనిఖీ చేయింతుము. కార్యదర్శిపై అనుమానము కలిగిన యేడు మాత్రమే తనిఖీ చాలునని యెవ్వరును అనరు. సొమ్ము పోయిన పిమ్మట జరుగు తనిఖీ పోయినదానిని లెక్కించుటకే గాని నిలుపుటకు పనికిరాదు. సంఘమునకు పాటించు ఈ నియమమును మనము దేహమునకు పాటింపము. మూత్రము బిగిసిన గాని, నడుము పట్టిన గాని వైద్యుని యొద్దకు పోము. అప్పుడైనను కోతలు కానిమ్మనియు, నూర్పిళ్లు కానిమ్మనియు వాయిదా వేయుదుము. ప్రోస్టేటు క్యాన్సరు విషయమున ఈ వాయిదా యెట్టి నష్టము తెచ్చునో, ముందుగా చేయించుకొను పరీక్ష యెంతవఱకు ఉపకరించునో, దాని హద్దులేవో ఈ పాఠమున వివరింతుము.

1. గ్రంథియు, దానికి వచ్చు రెండు వికారములును

మూత్రాశయమునకు దిగువను, పురీషనాళమునకు ముందును, పురుషులకు మాత్రమే యొక చిన్న గ్రంథి కలదు. దీనిని ప్రోస్టేటు గ్రంథి యందురు. కొందఱు పౌరుష గ్రంథి యనియు వ్రాయుదురు. వీర్యములోని ద్రవమున కొంత భాగము ఇందు పుట్టును. యౌవనమున నిది పెద్ద యుసిరికాయంత యుండును. మూత్రనాళము దీని నడుమగుండ పోవును.

వయస్సు ముదిరినకొలది ఈ గ్రంథికి ముఖ్యముగా రెండు వికారములు కలుగవచ్చును. మొదటిది పెరుగుదల. మూత్రనాళమును చుట్టియున్న లోపలి భాగము మెల్లమెల్లగా పెరిగి నాళమును ఒత్తును. అందుచే రాత్రివేళ పలుమాఱులు లేవవలసి వచ్చును. మూత్రపు ధార సన్నగిలును. పోసిన పిమ్మటను ఇంకను మిగిలియున్నట్లు తోచును. అరువదేండ్లు దాటిన పురుషులలో సుమారు సగము మందికి ఈ పెరుగుదల యుండును. ఇది క్యాన్సరు కాదు. క్యాన్సరుగా మాఱునదియు కాదు. దీనికి మందులును, శస్త్రచికిత్సయు కలవు.

రెండవది క్యాన్సరు. ఇది తఱచుగా గ్రంథియొక్క వెలుపలి భాగమున మొదలగును. ఆ భాగము మూత్రనాళమునకు ఎడముగా నుండుటచే, మొదటి దశలో నాళముపై ఒత్తిడి యుండదు. నొప్పి యుండదు, ధార సన్నగిలదు. రోగి యథాప్రకారము పొలమునకు పోయి వచ్చుచుండును. ఈ యొక్క సంగతి గుర్తెఱిగినచో పాఠములో సగము తెలిసినట్లే: మూత్రపు బాధ తఱచుగా క్యాన్సరువలన కలుగునది కాదు, క్యాన్సరు మొదట బాధ పెట్టదు.

వరి పండించువారికి ఇది క్రొత్త మాట కాదు. కాండము తొలుచు పురుగు పొలమున ప్రవేశించిన సంగతి తెల్లకంకులు వచ్చిన నాడు అందఱికిని కనబడును. అప్పటికి పురుగు లోపల తన పని ముగించియుండును. కావుననే తెలివిగల రైతు నారుమడిలోనే ఆకుల కొనలను పరికించి, గ్రుడ్లు గల కొనలను త్రుంచి నాటును.

2. ఆలస్యమైనచో నేమగును?

ఈ క్యాన్సరు గ్రంథిని దాటినచో ముఖ్యముగా ఎముకలకు ప్రాకును. వెన్నెముక, తుంటి, ప్రక్కటెముకలు దీని కిష్టమైన తావులు. అప్పుడు నడుము నొచ్చును. రైతు దానిని బస్తాలు మోసిన నొప్పి యని తలంచి తైలము రాయించుకొనును. రాత్రి విశ్రాంతి తీసికొన్నను తగ్గని నడుము నొప్పి, మూత్రమున రక్తము, కారణము లేక చిక్కిపోవుట కనబడినచో జాగు చేయరాదు. వీనితోపాటు కాళ్లు తిమ్మిరెక్కి బలము తప్పినచో వెన్నుపాము నొక్కబడుచున్నదేమో యని అనుమానింపవలయును. ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలయును. ఆలస్యమైనచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును.

ఎముకలకు ప్రాకిన రోగమునకును చికిత్స లేకపోలేదు. పురుష హార్మోనును అణచినచో ఈ పుండు క్రుంగునని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్సు చూపెను. అందులకు ఆయనకు 1966లో నోబెలు బహుమానము లభించెను. నేటికిని వ్యాపించిన రోగమునకు చేయు చికిత్సకు అదియే పునాది. దానివలన బాధ తగ్గి యేండ్లు దక్కవచ్చును గాని, రోగము సమూలముగా పోవుట అరుదు. గ్రంథిలో నిలిచియున్న పుండును మాత్రము పూర్తిగా నయము చేయు అవకాశము మెండు.

2022లో ప్రపంచమున సుమారు 14 లక్షల 60 వేల మందికి ఈ క్యాన్సరు క్రొత్తగా బయటపడినది; సుమారు 4 లక్షల మంది మరణించిరి. మన దేశమున ప్రభుత్వము ప్రజలను పిలిచి చేయు క్యాన్సరు పరీక్షలు నోటికి, రొమ్మునకు, గర్భాశయ ముఖద్వారమునకు సంబంధించినవి. ప్రోస్టేటునకు అట్టి పిలుపు లేదు. కావున మనమే అడిగి తెలిసికొనవలయును.

3. పరీక్షలు ఏవి?

మొదటిది రక్తపరీక్ష. ప్రోస్టేటు గ్రంథి పుట్టించు ఒక మాంసకృత్తు కొద్దిగా రక్తమున కలియుచుండును. దానిని పి.ఎస్‌.ఎ. యందురు. 1979లో అమెరికాలోని బఫెలో నగరమున పరిశోధకులు దీనిని గ్రంథినుండి శుద్ధిచేసి వేఱుపఱచిరి. ఆ దేశమున 1986లో రోగుల చికిత్సను కనిపెట్టుటకును, 1994లో క్రొత్త రోగమును గుర్తించుటలో సహాయముగను ఈ పరీక్షకు అనుమతి లభించినది. చేతినుండి కొద్దిపాటి రక్తము తీసినచో చాలును, ఉపవాసము అక్కఱలేదు.

రెండవది వ్రేలి పరీక్ష. వైద్యుడు చేతికి తొడుగు వేసికొని పురీషనాళముగుండ గ్రంథిని తడవి గట్టితనమును చూచును. ఇది నిమిషములో ముగియును. దీనికి సిగ్గుపడుట తగదు.

పి.ఎస్‌.ఎ. మిల్లీలీటరునకు 4 నానోగ్రాములకు మించరాదని చాలకాలముగా ఒక హద్దు వాడుకలో నున్నది. వయస్సును బట్టి వైద్యులు ఈ హద్దును తగ్గించుటయు, పెంచుటయు కలదు. అయితే ఈ అంకె తీర్పు కాదు. గ్రంథి పెరిగినను, మూత్రమున చీము పట్టినను అంకె పెరుగును. అంకె పెరిగిన నలుగురిలో సుమారు ముగ్గురికి క్యాన్సరు ఉండదు. మఱియు అంకె తక్కువగా నున్నవారిలోను కొందఱికి రోగము ఉండవచ్చును. కావున అంకె చూచి కుప్పకూలరాదు; అంకె చూచి నిర్లక్ష్యమును చేయరాదు.

పరీక్షకు ముందు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. రెండు దినములు సైకిలు త్రొక్కుట, దాంపత్యము మానవలయును. మూత్రమున చీము పట్టియున్నచో అది నయమై ఆఱు వారములు గడచిన పిమ్మట పరీక్ష చేయించుకొనవలయును. గ్రంథి పెరుగుదలకు వాడు ఫినాస్టెరైడు అను మాత్ర ఈ అంకెను సుమారు సగమునకు తగ్గించును. దానిని వాడువారు వైద్యునితో తప్పక చెప్పవలయును. అంకె హెచ్చుగా వచ్చినచో మరల ఒకమాఱు చేయించి, అవసరమైనచో ఎం.ఆర్‌.ఐ. చిత్రము తీయించి, ఆ పిమ్మట గ్రంథినుండి సూదితో ముక్కలు తీసి చూతురు. క్యాన్సరు కలదా లేదా యని తేల్చునది ఆ ముక్కల పరీక్షయే.

4. లాభమెంత? నష్టమెంత?

ఐరోపాలోని ఎనిమిది దేశములలో 55 మొదలు 69 ఏండ్లవఱకు గల 1 లక్ష 62 వేల మంది పురుషులపై ఒక పెద్ద పరిశోధన జరిగినది. 23 ఏండ్ల ఫలితములను 2025లో ప్రకటించిరి. పరీక్షకు పిలువబడిన వారిలో ఈ క్యాన్సరువలని మరణములు, పిలువబడని వారికంటె నూటికి 13 వంతులు తగ్గినవి. ఒక మరణము తప్పుటకు 456 మందిని పిలువవలసి వచ్చినది. అదనముగా 12 మందికి రోగము బయటపడినది.

ఈ లెక్కను రెండు వైపులనుండియు చదువవలయును. ఒక ప్రాణము నిలిచినది. ఆ యొక్కడు మన యింటివాడు కావచ్చును. మిగిలిన పదునొకండుగురిలో పలువురకు, పరీక్షయే లేనిచో జీవితాంతము బాధింపని పుండు బయటపడినది. అట్టివారికి అనవసరముగా చికిత్స చేసినచో మూత్రము అదుపు తప్పుట, దాంపత్య సామర్థ్యము పోవుట వంటి కష్టములు కలుగవచ్చును. ఈ కారణముననే అమెరికాలోని నిపుణుల సంఘము 2012లో ఈ పరీక్ష వలదనెను. 2018లో ఆ మాట మార్చుకొని, 55 మొదలు 69 ఏండ్లవారు వైద్యునితో లాభనష్టములను చర్చించి తామే నిర్ణయించుకొనవలయుననియు, 70 దాటినవారికి సాధారణముగా వలదనియు సలహా నిచ్చెను.

5. పుండు కనబడినచో వెంటనే కోయవలయునా?

అక్కఱలేదు. ముక్కలను సూక్ష్మదర్శినితో చూచి పుండు ఎంత క్రూరమైనదో వైద్యులు అంకెలతో చెప్పుదురు. దీనిని గ్లీసను అంకె యందురు. 6 వచ్చినచో పుండు సాధారణముగా నెమ్మదైనది. 8, 9, 10 వచ్చినచో క్రూరమైనది. నెమ్మదైన పుండునకు కత్తి వేయక, నియమిత కాలమున రక్తపరీక్షలు, ముక్కల పరీక్షలు చేయుచు కనిపెట్టియుండవచ్చును. పెరుగుచున్నట్లు తోచినప్పుడే చికిత్స చేయుదురు. పొలమున పురుగు కనబడిన ప్రతిమాఱు మందు కొట్టము గదా! దాని ఉద్ధృతి చూచి కొట్టుదుము.

బ్రిటనులో గ్రంథిలోనే నిలిచియున్న క్యాన్సరు గల 1,643 మందిని మూడు భాగములుగా చేసి, ఒక భాగమును కనిపెట్టియుండిరి. ఒక భాగమునకు శస్త్రచికిత్స, మఱియొక భాగమునకు కిరణచికిత్స చేసిరి. పదునైదేండ్ల పిమ్మట, 2023లో ప్రకటించిన ఫలితమేమనగా, మూడు భాగములలోను ఈ క్యాన్సరువలన మరణించినవారు నూటికి ఇంచుమించు ఇద్దరు ముగ్గురు మాత్రమే. కావున ముందుగా పట్టుబడిన రోగమునకు ఆలోచించుకొనుటకు వ్యవధి యుండును. ఆలస్యముగా పట్టుబడిన రోగమున ఆ వ్యవధి యుండదు. ముందు పరీక్షవలని ముఖ్యలాభము ఇదియే.

6. ఎవరు, ఎప్పుడు చేయించుకొనవలయును?

ఏబది యేండ్లు నిండిన పురుషుడు ఒకమాఱు వైద్యునితో ఈ మాట ముచ్చటింపవలయును. తండ్రికి గాని సోదరునికి గాని ఈ రోగము వచ్చియున్నచో అపాయము సుమారు రెండింతలు. అట్టివారు 45వ యేటనే అడుగవలయును. తల్లి, అక్కచెల్లెండ్రకు రొమ్ము లేక అండాశయపు క్యాన్సరు వచ్చియున్నను ఆ సంగతి వైద్యునితో చెప్పవలయును. అంకె తక్కువగా వచ్చినచో ఏటేట పరీక్ష అక్కఱలేదు. రెండు మొదలు నాలుగేండ్ల కొకమాఱు చాలును.

7. సంఘము చేయదగిన పని

ఒంటరిగా పోవుటకు సిగ్గుపడువాడు పదుగురితో పోవుటకు వెనుదీయడు. కావున పంచాయతుదారులు తీరిక దినములలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సంఘమునకు పిలిచి ఈ విషయమును చెప్పింపవచ్చును. ఏబది దాటిన సభ్యులను కలిపి పట్టణపు ఆసుపత్రికి పంపవచ్చును. ఎవరి ఫలితము వారికే తెలియవలయును. దానిని సమావేశమున చదువరాదు. రోగము తేలినచో భూమి తాకట్టు పెట్టుటకు ముందు రెండు సంగతులు విచారింపవలయును: ప్రభుత్వ ఆరోగ్య పథకమున తన కుటుంబమునకు అర్హత కలదా యని, వేఱొక నిపుణుడును అదే చికిత్స చెప్పునా యని.

పాఠసారము

ఈ క్యాన్సరు మొదట బాధ పెట్టదు. రక్తపరీక్ష అనుమానమును తెలుపును, తీర్పు చెప్పదు. ముందు బయటపడిన ప్రతి పుండునకు కత్తి అక్కఱలేదు. ఏబదవ యేట అడుగుడు. కుటుంబమున రోగమున్నచో నలుబదియైదవ యేటనే అడుగుడు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మూత్రపు బాధ లేనివాడును పరీక్షను గుఱించి ఏల అడుగవలయును?
2. పి.ఎస్‌.ఎ. అంకె పెరిగినచో మొదట చేయవలసిన దేమి?
3. మన సంఘమున ఏబది దాటిన సభ్యులెందఱు? వారిలో ఎందఱు వైద్యుని అడిగియున్నారు?